నేను వడ్డించిన అన్నం

ఈ మధ్యాహ్నం కూడా నేను నోరు మెదపలేదు.

ఏళ్ల తరబడి మోస్తున్న ఒక బరువు గురించి మీకు చెప్పాలని కూర్చున్నాను. కాని అది పాత బరువు మాత్రమే కాదు. ఇవాళ మా అన్న ఇంట్లో భోజనం చేస్తూ దాన్ని మరికొంత పెంచుకుని వచ్చాను. అందుకే ముందు ఇవాళ్టి తప్పు చెబుతాను. అది చెప్పగలిగితే మిగతాది కూడా చెప్పగలుగుతాను.

మా అన్న కూతురు రాములమ్మ కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆమెకు చక్కెర జబ్బు ఉన్నదని వనపర్తి దవాఖానలో చెప్పారట. తిండి కట్టడిగా ఉండాలన్నారట. మా వదిన నా పళ్లెంలో పప్పు వేస్తూ, కూతురికి బుద్ధి చెబుతూ, మాటవరసకు అన్నట్టే అన్నది.

“నోరు కట్టుకో బిడ్డా. మీ చిన్నమ్మ లెక్క జెయ్యకు. తిండికాడ ఆగలేక పండు అసోంటి పిలగాన్ని పోగొట్టుకున్నది.”

ఆ చిన్నమ్మ నా భార్య. అప్పుడు గడప దగ్గరే కూర్చుని పుంటికూర ఆకు తెంపుతోంది. విన్నది. ఆమె చేతులు ఆగలేదు. తెంపిన ఆకు చేటలో పడుతూనే ఉంది. నేను తల వంచుకుని నా పళ్లెంలోని రొట్టె ముక్కను చూస్తూ కూర్చున్నాను.

తిండి దగ్గర ఆగలేకపోయింది ఆమె కాదు. బలవంతంగా తినిపించింది నేను. ఆమె చాటుగా తిన్నదని చెప్పింది కూడా నేనే.

రాసేశాను. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇక జరిగింది జరిగినట్టు చెబుతాను. నా పేరు మాత్రం రాయను. నా పేరు తెలిస్తే ఆమె పేరు తెలుస్తుంది, ఇప్పటికే ఆమె పేరు చాలామంది నోళ్లలో నలిగింది. ఇక్కడ చెన్నమ్మ అని రాస్తాను. అది ఆమె అసలు పేరు కాదు, రాములమ్మ కూడా మార్చిన పేరే.

మాది ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఊరు. ఎర్రమట్టి, రాళ్లు. జొన్న, కొర్ర, ఆముదం పండే నేల. ఊరిలో ఎక్కువమంది జొన్న రొట్టె, జొన్నరవ్వ గటక తినేవాళ్లు. మాకు చెరువు కింద మడి ఉండేది కనుక మా ఇంట్లో రెండు పూటలా వరి అన్నం. అది మాకు పెద్ద గొప్ప. మా అమ్మ బియ్యం ఎప్పుడూ వాకిట్లో కూర్చునే చెరిగేది. లోపల చోటు లేక కాదు, దారిన పోయేవాళ్లు చూడాలని. మా ఇంట్లో జొన్న రొట్టె తినేది పొలం పని చేసే జీతగాళ్లు. నేను ఆ గొప్పలోనే పెరిగాను. అది తప్పని నాకు ఎన్నడూ తోచలేదు.

చెన్నమ్మ పుట్టిల్లు అచ్చంపేట అవతల, అడవి అంచున ఉన్న పల్లె. పండుగనాడు తప్ప అన్నం ఎరగని ఇల్లు. మా ఇంట్లో బిడ్డ రోజూ అన్నం తింటుందని వాళ్లు సంబరపడి ఇచ్చారు. ఆ సంగతి వాళ్ల అమ్మ పెండ్లినాడే అందరి ముందూ చెప్పి కండ్లు తుడుచుకున్నది.

మొదటి కాన్పులో బిడ్డ మరీ పెద్దగా ఉండి, బయటికి రావడమే కష్టమై, ప్రాణం లేకుండా పుట్టాడు. దిష్టి అన్నారు. రెండోసారి కడుపు నిలిచాక చెన్నమ్మకు దాహం మొదలైంది. ఎంత తాగినా తీరేది కాదు. ఆమె దొడ్లోకి పోయి వచ్చిన చోట చీమలు పడుతున్నాయని మా అమ్మే ముందు చూసింది. నేను బండి కట్టి వనపర్తి తీసుకుపోయాను.

దవాఖానలో ఒక డాక్టరమ్మ ఉండేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, చెన్నమ్మ మూత్రం చుక్కలు కొన్ని వేసి, మంట మీద కాచింది. నీలం పోయి ఇటుక రంగు వచ్చింది. చక్కెర బాగా పోతుందన్నది. మొదటి బిడ్డ అంత పెద్దగా పెరగడం కూడా దీనివల్లే కావచ్చు అన్నది. సూదిమందు ఒకటి ఉన్నదట, పట్నం నుంచి తెప్పించాలట. కాని తిండి దారిలో పెడితే దాని అవసరమే రాకపోవచ్చు, ముందు అది చూద్దాం అన్నది.

ఏం తినాలో ఆమె ఓపికగా చెప్పింది. అన్నం, బెల్లం, తీపి వద్దు. పలుచని జొన్న రొట్టె, ఆకుకూర, పెసరపప్పు, గుడ్డు, మజ్జిగ. ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు. తిన్న తరువాత కాసేపు నడక. ఇవన్నీ చెన్నమ్మకు చెప్పి, తరువాత నా వైపు తిరిగింది.

“ఆమెకు వేరే వండి ఓ మూల కూర్చోబెట్టకయ్యా. ఇంట్లో అందరూ అన్నం తింటుంటే ఒక్కతే ఎన్నాళ్లని రొట్టె తింటుంది? నువ్వు కూడా అదే తిను. ఆమెతో పాటే నడువు.”

తింట అమ్మా, అన్నాను. నిజంగానే అనుకున్నాను.

కొన్ని వారాలు మాట నిలబెట్టుకున్నాను కూడా. మా అమ్మ రుసరుసలాడుతూనే రొట్టెలకు పిండి విసిరించేది. నేను, చెన్నమ్మ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లం. నేను నమలలేక అవస్థ పడుతుంటే ఆమె నవ్వేది. “నీ దవడలకు జొన్నలు కొత్త. మా ఊర్ల పిలగాండ్లు పండ్లు రాకముందే తింటరు,” అనేది. తిన్నాక బావి దాకా నడిచేవాళ్లం. పెండ్లయి అన్నేండ్లయినా మేము పగటిపూట పక్కపక్కన నడిచింది అప్పుడే. తరువాతిసారి దవాఖానకు పోతే గొట్టంలో ఆకుపచ్చ వచ్చింది. డాక్టరమ్మ చెన్నమ్మ వీపు తట్టింది. చెన్నమ్మ ఆ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. బండిలో తిరిగి వస్తూ, ఈసారి నీలమే వస్తుంది చూడు, అన్నది. దాహం కూడా తగ్గింది.

ఏడో నెలలో చెన్నమ్మ తల్లిగారింటివాళ్లు తీపి తీసుకుని వచ్చారు. కడుపుతో ఉన్న బిడ్డకు తల్లిగారు తీపి తేవడం, అత్తగారు వాళ్ల కండ్ల ముందే కోడలికి అందరికంటె ముందు వడ్డించడం మా వైపు ఆనవాయితీ. అత్తింట్లో బిడ్డ ఎట్లా ఉందో తల్లిగారు ఆ పళ్లెం చూసి తెలుసుకుంటారు. ఆ పొద్దున చెన్నమ్మ నన్ను పక్కకు పిలిచి, “మా అమ్మకు ముందుగాల్నే చెప్పు, తీపి ముట్టి పక్కన పెడతనని, తప్పు పట్టుకోవద్దని చెప్పు,” అన్నది. చెప్త అన్నాను. చెప్పలేదు. మరిచిపోలేదు. ‘మా ఇంట్లో నీ బిడ్డకు రొట్టె పెడుతున్నాను’ అని ఆ తల్లి ముఖం చూసి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వరుసలో కూర్చున్నారు. మా అమ్మ, కావాలనే చేసిందో అలవాటుగా చేసిందో, చెన్నమ్మ పళ్లెంలో రొట్టె వేసింది. వాళ్ల అమ్మ ఆ పళ్లెం వైపు చూసింది. తరువాత నవ్వుతూనే అన్నది.

“మా ఇంట్ల జొన్నలు లేవని ఇచ్చినమా బిడ్డా నిన్ను గీ ఇంటికి?”

ఆడవాళ్లందరూ నవ్వారు. కోపం లేదు అందులో, వియ్యంపురాండ్ర మధ్య ఉండే పరాచకమే. చెన్నమ్మ కూడా నవ్వబోయింది. నేను అప్పుడు చెప్పవలసింది ఒక్క మాట. డాక్టరమ్మ ఇట్లా చెప్పింది అత్తా, నేను కూడా ఇదే తింటున్నాను అని. అంతే. నవ్వు అక్కడే ఆగిపోయేది. కాని నా చెవులు వేడెక్కాయి. వాకిట్లో బియ్యం చెరిగే ఇల్లు జీతగాళ్ల కూడు పెడుతున్న ఇల్లయిపోయింది, అందరి ముందూ. లేచి అన్నం గిన్నె నేనే తీసుకున్నాను. రొట్టె తీసేసి ఆ పళ్లెంలో అన్నం పెట్టాను, నెయ్యి పోశాను, పక్కన బెల్లం పాయసం, వాళ్లు తెచ్చిన తీపి మలీద ముద్దలు పెట్టాను. మగవాడు వంగి పెండ్లానికి వడ్డించడం చూసి ఆడవాళ్లు ఇంకా నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది.

చెన్నమ్మ నాకు మాత్రమే వినబడేట్టు అన్నది. “వద్దు. డాక్టరమ్మకు మాటిచ్చినం.”

“గీ ఒక్క దినం తిను. మర్యాద పోతది.”

“ఎవరి మర్యాద?”

“మీ అమ్మ చూస్తున్నది. తిను.”

తిన్నది. నా వైపు చూడకుండా తిన్నది.

ఒక్క దినం అన్నాను. చుట్టాలు ఉన్నన్నాళ్లూ ప్రతి పూటా అదే జరిగింది. వాళ్లు పోయాక చెన్నమ్మ తనంత తానే మళ్లీ రొట్టెకు వచ్చింది. మిగిలిన తీపిని వాడకట్టు పిల్లలకు పంచిపెట్టింది. నేను మాత్రం మళ్లీ జొన్న ముట్టలేదు. కడుపులో నొప్పి అన్నాను. నొప్పి ఏమీ లేదు. అన్నం రుచి మళ్లీ తగిలింది, అంతే. బావి దాకా నడవడం కూడా మానేశాను. చెన్నమ్మ వంటింటి గోడ వైపు తిరిగి ఒక్కతే కూర్చుని తినేది. ఏం కూడదని డాక్టరమ్మ చెప్పిందో సరిగ్గా అదే.

ఆ తరువాత దవాఖానకు పోయినప్పుడు గొట్టంలో మళ్లీ ఇటుక రంగు. డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. ఏం తిన్నారు అని అడిగింది. చెన్నమ్మను కాదు, నా ముఖం చూసి అడిగింది.

చుట్టాలు వచ్చారమ్మా, నేనే పెట్టాను అని ఉంటే ఏమయ్యేది? రెండు మాటలు తిట్టి ఉండేది. మళ్లీ దారిలో పెట్టి ఉండేది. ఆ తిట్టుకే భయపడ్డానా? లేక ఆమె ముందు మంచివాడిగా ఉండాలన్న ఆశా? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అడుక్కున్నానో. పెద్ద కారణం ఒకటి దొరికితే బాగుండునని వెతికాను. దొరకలేదు.

“తెల్వదమ్మా. నేను పొలంకాడ ఉంట. ఇంట్ల చాటుకు తింటదేమో,” అన్నాను.

“నిజమేనా చెన్నమ్మా?”

చెన్నమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. దారిలో తెలిసిన మనిషి కనిపించి, వీడేనా కాదా అని పోల్చుకునేటప్పుడు చూస్తారే, అట్లా.

“అవునమ్మా. తిన్న,” అన్నది.

డాక్టరమ్మ ఆమెను తిట్టలేదు. ఈ జబ్బులో ఆకలి అట్లాగే ఉంటుంది, సిగ్గుపడకు, ఇంట్లో తీపి కంటపడకుండా పెట్టించుకో అని నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మది నన్ను కోసింది. అయినా మాట మార్చలేదు. ఇంటికి వచ్చి మా అమ్మకు కూడా అదే చెప్పాను, ఎందుకంటే ఒకచోట ఒకటి, ఇంకోచోట ఒకటి చెబితే బయటపడుతుంది. మా అమ్మకు నమ్మడం కష్టం కాలేదు. తన కండ్ల ముందే చెన్నమ్మ ఎవరు పెడితే తిన్నదో ఆమె మరిచిపోయింది. బియ్యం, బెల్లం ఉన్న లోపలి అర్రకు తాళం వేసి తాళంచెవి మొలకు కట్టుకున్నది. గుప్పెడు పుట్నాలు కావాలన్నా చెన్నమ్మ అడిగి, మా అమ్మ లేచి తాళం తీసేదాకా నిలబడాలి. నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు అది చూశారు. ఊరికి అంతకంటే ఏం కావాలి?

మళ్లీ దవాఖానకు పోవలసిన రోజు నేను ఎడ్లను కట్టి బండి వాకిట్లో నిలబెట్టాను. చెన్నమ్మ గడప దాటలేదు.

“నేను రాను. ఆమె ముంగట ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె?”

నేను చెప్పవలసిన మాట అప్పుడు కూడా ఒక్కటే. పద, నేనే చెప్త ఆమెకు, అని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెన్నమ్మ దానికోసమే అక్కడ నిలబడిందని నాకు తెలుసు. నేను ఎడ్లను విప్పేశాను.

బిడ్డ నెల నిండకముందే పుట్టాడు. పెద్దవాడు, ఎర్రని ముఖం, ఒంటినిండా కండ. చూసినవాళ్లంతా మురిశారు. కాని పాలు పట్టలేదు. చేతి వేళ్లు వణికేవి. ఏడుపు పిల్లి కూతలా ఉండేది. మరుసటి రోజు ఎండ ఎక్కేసరికి పోయాడు.

బిడ్డను పూడ్చిపెట్టిన కొన్నాళ్లకు నేనొక్కడినే వనపర్తి పోయి డాక్టరమ్మకు చెప్పాను. ఎందుకు పోయానో తెలియదు. ఆ కొన్నాళ్ల అన్నం వల్లే అయిందని చెప్పలేను, అట్లా ఒకదాని మీద పెట్టలేం, అన్నది. ఆ మాటకు నా ప్రాణం లేచి వచ్చింది. వెంటనే ఇంకో మాట అన్నది. “మధ్యలో రావడం మానకుండా ఉంటే నేను చూసుకునేదాన్ని. ఇక్కడే పురుడు పోసి, బిడ్డను దగ్గర పెట్టుకునేదాన్ని. ఎందుకు మానేసింది?” నేను తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

నోటి కోసం కడుపు పోగొట్టుకున్నది అన్నారు చెన్నమ్మను. పెండ్లిండ్లలో ఆమె విస్తరిలో తీపి వేయబోయి, ఆగి, నవ్వుకునేవాళ్లు. ఆమె చెయ్యి అడ్డం పెట్టేది. మా అమ్మ ఆ మాట నమ్మే పోయింది. చెన్నమ్మ తల్లి కూడా. తాను తెచ్చిన తీపే బిడ్డ చాటుగా తిన్నదనుకుని, ఆ తల్లి ఆ తరువాత మా ఇంటికి ఎప్పుడు వచ్చినా చేతిలో ఏమీ లేకుండా వచ్చేది. మాకు మళ్లీ పిల్లలు కలగలేదు.

నేను బిడ్డను పూడ్చిన నాటి నుంచి అన్నం మానేశాను. జొన్న రొట్టే తింటాను. ప్రాయశ్చిత్తం అనుకున్నాను. కాని విన్నారా, ఊరు దానికి నన్ను మెచ్చుకున్నది. పెండ్లాం మీద ఎంత పావురం, ఎంత ప్రేమ చూడు, అన్నం వదిలేసిండు అన్నారు. నేను కాదనలేదు. యుద్ధం రోజుల్లో ధాన్యం సర్కారు లెవీకి పోయి ఊరంతా జొన్నలు తినవలసి వచ్చినప్పుడు, నా రొట్టెను ఎవరూ గుర్తించడం లేదని నాకు లోపల చిరాకు కలిగింది. అప్పుడు తెలిసింది నా ప్రాయశ్చిత్తం ఏపాటిదో. చెన్నమ్మకు చెడ్డపేరు, నాకు మంచిపేరు, రెండూ ఒక్క అబద్ధంలోంచే వచ్చాయి.

ఇవాళ మధ్యాహ్నం ఇంటికి వచ్చాక చెన్నమ్మ ఎప్పటిలా పొయ్యి రాజేసింది. తెచ్చిన పుంటికూర కడిగి పొయ్యి మీద పెట్టింది. అంత మామూలుగా ఉన్నది చూసి నేను కూర్చోలేకపోయాను. అన్న ఇంట్లో రాములమ్మకు కూడా ఇక తాళాలు మొదలవుతాయి, రేపో ఎల్లుండో. పొద్దు గూకక ముందే మళ్లీ పోయాను. అన్న, వదిన, రాములమ్మ ముగ్గురూ వాకిట్లోనే ఉన్నారు.

“ఒదినె, చెన్నమ్మ చాటుకు తినలే. నేనే పెట్టిన. డాక్టరమ్మకాడ అబద్ధం జెప్పిన,” అన్నాను.

వదిన నా ముఖం చూసి జాలిగా నవ్వింది. “నువ్వు మంచోనివి మరిది. ఆమె తప్పు నీ నెత్తిమీద ఏసుకుంటున్నవు. గిప్పుడు గా ముచ్చటెందుకు?”

నమ్మలేదు. నేను సంపాదించుకున్న మంచిపేరు నాకే అడ్డం వచ్చింది. అందుకని అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను. చెన్నమ్మ తల్లి వేసిన పరాచకం, నేను తీసేసిన రొట్టె, గొట్టంలోని రంగు, వాకిట్లో విప్పేసిన ఎడ్లు. చెబుతుంటే వదిన ముఖంలో నవ్వు పోయింది. అన్న తుండు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి చూశాడు. రాములమ్మ మాత్రం అడిగింది.

“చిన్నాయినా, మరి చిన్నమ్మ అవునని ఎందుకన్నది?”

“నాకు తెల్వదు బిడ్డా. అడగలే ఎన్నడు.”

వదినకు చెప్పాను, అర్రకు తాళం వేయవద్దని. రాములమ్మ తినేదే మీరూ తినండి, ఆమెతో కూర్చుని తినండి, ఏం తిన్నా దవాఖానలో దాచకుండా చెప్పండి అన్నాను. వదిన సరే అనలేదు, కాదనలేదు. నేను వచ్చేస్తుంటే ఎప్పటిలా కూర్చోమని కూడా అనలేదు. అది న్యాయమే.

ఇంటికి వచ్చేసరికి చెన్నమ్మ రొట్టెలు తడుతోంది. పొయ్యికి ఇవతల కూర్చున్నాను.

“చెప్పిన,” అన్నాను.

“ఎవరికి?”

“అన్నకు, ఒదినెకు, పిల్లకు. అంతా.”

పెనం మీద రొట్టె తిప్పింది. ఇంకోటి తట్టింది. అది కూడా కాలాక నా పళ్లెంలో వేసి అన్నది.

“మా అమ్మ ఉన్నప్పుడు చెప్పకపోతివి.”

అంతే. తరువాత తన రొట్టె తీసుకుని, ఎప్పటిలా గోడ వైపు తిరిగి కూర్చున్నది.

మీ దగ్గర నేను క్షమాపణ అడగడం లేదు, అది మీరిచ్చేది కాదు. ఒక్కటి మాత్రం నిజం. ఇన్నేళ్లూ ఆమె మోసినది ఇవాళ నా దగ్గరికి వచ్చింది. బరువు తగ్గలేదు. కాని ఉండవలసిన చోట ఉన్నది, అందుకే ఊపిరి కొంచెం ఆడుతోంది.

రేపు పొద్దున రాములమ్మను దవాఖానకు తీసుకుపోతానని చెప్పి వచ్చాను. ఇప్పుడు ఆ డాక్టరమ్మ అక్కడ లేదు, వేరే ఆమె ఉన్నదట. ఆ కొత్తామెకు కూడా చెబుతాను, ఇంట్లోవాళ్లు ఏం చేయకూడదో. చెన్నమ్మ కూడా వస్తానన్నదని రాయాలని ఉంది. అనలేదు. నేను అడిగాను, ఆమె పళ్లేలు తీసుకుని కడగడానికి లేచిపోయింది. ఎడ్లకు నీళ్లు పెట్టి, ఇరుసుకు ఆముదం రాసి, బండిలో రాములమ్మ ఒక్కదానికే కాక ఇద్దరికి సరిపడా గడ్డి పరిచి వచ్చి ఇది రాశాను.